మరుగుపడిన గాయని



మా వారు పాఠశాలలో నాంగ్లము బోధింతురు. మొన్న కార్తికమాసమున నొకనాటి రాత్రి, నేను చేట ముందుంచుకొని బియ్యమేరుచుండగా వారొక యింగ్లీషు పాట వినిపించిరి. ఆ భాష నాకంతగా దెలియదు. అయినను నా చేయి నిలిచిపోయెను. ఆ గొంతున మాధుర్యముకంటె నిజము హెచ్చుగా నుండెను. ఎవరీమె యని యడిగితిని.

ఆమె పేరు లాల్ వాటర్‌సన్. 1943లో ఇంగ్లండునందలి హల్ అను రేవుపట్టణమున జన్మించెను. పసితనముననే తలిదండ్రులు గతింపగా, అమ్మమ్మయే యామెను, అక్క నార్మాను, అన్న మైకును బెంచెను. పెద్దవారై, బంధువొకనిని గూర్చుకొని, వాద్యములు లేకయే కంఠములు కలిపి ప్రాచీనములైన పల్లెపాటలు పాడిరి. 1965లో వెలువడిన ‘ఫ్రాస్ట్ అండ్ ఫైర్’ అను రికార్డు వారికి మంచిపేరు తెచ్చెను.

1968లో నా బృందము విడిపోయెను. లాల్ యింట బిడ్డలను బెంచుకొనుచు తానే పాటలు కట్టసాగెను. అన్నయు వేరుగా గట్టుచుండెను. ఇరువురి పాటలును గలిసి 1972లో ‘బ్రైట్ ఫీబస్’ అను పేర రికార్డయ్యెను. ఫీబస్ అనగా యవనుల సూర్యదేవుడట. కాని యా సూర్యుడు మబ్బుచాటుననే యుండిపోయెను. ప్రాచీనగీతములను మెచ్చినవారిలో గొందరు, ఇవి సంప్రదాయము గావని పెదవి విరిచిరి. పైగా ప్రతులలో ననేకములకు నడిమి రంధ్రము చోటు తప్పెనట!

1996లో గుమారుడు ఆలివర్ నైట్ గిటారు వాయింప, ఆమె మరల నొక రికార్డు నిచ్చెను. 1998లో, ఏబదియైదేండ్ల ప్రాయమున, కన్నుమూసెను. ‘బ్రైట్ ఫీబస్’ చక్కగా సవరింపబడి తిరిగి వెలువడినది 2017లో. మెచ్చికోలు నిండుగా వచ్చెను. వినుట కామె లేదు.

ఇది వినినప్పుడు నాకు మా యమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె తొట్టెలకడ తానే పాటలు కట్టి పాడెడిది. నేను తాతగారియొద్ద పోతన పద్యములు వల్లించుచున్న దినములవి. ఛందస్సు లేని యా పాటలొక పాటలా యని నవ్వితిని. అమ్మయు నవ్వి యూరకుండెను. నేడామె లేదు. నాకు మిగిలినవి మూడు చరణములు. నాలుగవది యెంత తలచినను రాదు. పెదవి విరిచినవారిని నేనేమని నిందింపగలను?

ఆ రాత్రియే యా మూడింటిని మా యమ్మాయి పుస్తకమున వ్రాసితిని. నాలుగవదానికి చోటు విడిచితిని. సోదరీ, నీ యింట నెవరైన పనిచేసికొనుచు దమలో దాము పాడుకొనుచున్న, ఒక్కనిమిషము చేట ప్రక్కనుంచి వినుము, వీలైనచో వ్రాసికొనుము.