అల్లుడుగారి విసురు వల

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా బావగారు కదిలారు. విసురు వల వెయ్యడం ఫోనులో చూసి నేర్చేసుకున్నారట. మధ్యాహ్నం పులుసుకి చేప తానే తెస్తానని పొద్దున్నే అత్తగారికి మాటిచ్చేశారు.

కొల్లేరు అంచున మా ఊరి రేవులో దోనె ఉన్న పెద్దాయన్ని బతిమాలి, నేనూ వెంట వెళ్లాను. గుర్రపుడెక్క తప్పించుకుంటూ ఆయన గెడ వేస్తుంటే గూడబాతులు బారులు తీరి ఎగిరాయి. బావగారి చూపు మాత్రం వల మీదే.

"చొక్కా విప్పేయండి అల్లుడుగారూ. గడియారం కూడా."

"చలిగా ఉందండీ, ఫరవాలేదు."

పెద్దాయన రెట్టించలేదు. ముందు తాను వేసి చూపించాడు. తాడు కొస ముంజేతికి ముడేసి, వలలో కొంత మోచేతి మీద వేసుకుని, అంచు పళ్లతో పట్టి, నడుం తిప్పి వదిలాడు. వల గాల్లో విప్పారి, గుండ్రంగా నీళ్ల మీద పడింది. సీసపు గుళ్లు అడుగుకి దిగేదాకా ఆగి, నింపాదిగా లాగాడు. తొందరపడితే గుళ్లు నేల వదిలేస్తాయి, చేప కిందనుంచి జారిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని పని అది. ఇంగిలాయిలూ నాలుగు జెల్లలూ పడ్డాయి.

బావగారు వేసిన వల ముద్దగా దబ్బున పడింది. "గాలి అడ్డొచ్చింది," అన్నారు. గడ్డిపోచ కదలడం లేదు.

ఈసారి ఒళ్లంతా తిప్పి విసిరారు. వల కన్ను చొక్కా బొత్తానికి తగులుకుంది. సగం విచ్చుకున్న వలతో పాటు బావగారూ వెళ్లారు. దోనె ఒరిగింది. పెద్దాయన గెడ బురదలో దింపి నిలబెట్టాడు కాబట్టి నేను మిగిలాను. కొల్లేరులో చాలాచోట్ల లోతుండదు. బావగారు లేచి నిలబడితే నీళ్లు ఛాతీ దాకానే వచ్చాయి, నెత్తిమీద మాత్రం గుర్రపుడెక్క. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వారు.

పైకి లాగాక పెద్దాయన చాకు తీసి బొత్తాన్ని కోసేశాడు. "బొత్తాం కొట్లో దొరుకుద్దండి. వల నేను అల్లుకున్నది."

అందులో ఒక చిన్న జెల్ల ఉంది! బావగారు "పట్టాను!" అని అరిచి గుప్పిట బిగించారు. జెల్లకి ముల్లుంటుంది. ఆ కేక రేవు దాకా వినబడిందట.

పులుసులో అందరికీ పెద్దాయన పట్టిన చేపలు. ఆ జెల్లని అక్క బావగారి కంచంలోనే వేసింది. వాచిన వేలితోనే ముల్లు తీసుకుని తిన్నారు.

మర్నాడు తెల్లారకముందే చొక్కా, గడియారం లేకుండా రేవులో నిలబడ్డారు. పెద్దాయన దోనె ఎక్కించలేదు. పొద్దెక్కేదాకా గట్టు మీద గడ్డిలోనే వల విసిరించాడు.