రంగం ఓడెక్కిన ముత్తాత కోసం

మా అమ్మమ్మ వాళ్ళ నాన్న రంగం (రంగూన్) వెళ్ళి, అక్కడ ఎవరో బర్మా ఆవిణ్ణి చేసుకుని ఉండిపోయాడని మా ఇంట్లో అనుకునేవాళ్ళు. ఆయన ఊసెత్తితే అమ్మమ్మ మాట మార్చేసేది. ఆవిడ పోయాక ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర కింద, మడతల దగ్గర చిరిగిపోయిన శిస్తు రసీదు ఒకటి దొరికింది. తాళ్ళరేవు దగ్గర అమ్మమ్మ పుట్టిన ఊరు, డెబ్భై సెంట్ల భూమి, శిస్తు కట్టింది మా తాతమ్మ, కింద కరణం సంతకం. రెక్కల కష్టం తప్ప మరేమీ లేని కుటుంబం అది. పెళ్ళాంబిడ్డల్ని వదిలేసి పోయాడన్న మనిషి ఇంట్లో ఆ భూమి ఎక్కణ్ణుంచి వచ్చింది? రసీదు ఫోటో తీసుకుని హైదరాబాదులో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

తెల్లారుతుండగా రైలు కొవ్వూరు దాటి గోదావరి మీదికొచ్చింది. 1900 నాటి హేవ్‌లాక్ వంతెన అలాగే నిలబడి ఉంది, దాని మీద రైళ్ళు ఆగిపోయింది మాత్రం 1997లో. బోగీలో పెద్దవాళ్ళు కిటికీల దగ్గర చేరి నీళ్ళలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, వచ్చిన పని కావాలని మొక్కుకున్నాను.

రాజమండ్రిలో ముందు గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళాను. 1898 నుంచి ఉన్న గ్రంథాలయం. హెమింగ్వే అనే తెల్లదొర రాసిన గోదావరి జిల్లా గెజిటీరు 1907లో అచ్చయింది. ఇక్కడి కూలీలు బర్మాకి వలసపోవడం గురించి అందులో అప్పటికే ఉంది. అది చదువుతుంటే పక్క కుర్చీలో ఉన్న ఒక రిటైరైన మాస్టారు పలకరించారు. ఆయనా వాళ్ళ తాతగారి కాగితాల కోసమే తిరుగుతున్నారు. వాళ్ళది భీమవరం వైపు.

"మీరు ఏ జిల్లా కాగితాలు చూస్తున్నారండీ?" అని అడిగారు. గోదావరి జిల్లా అన్నాను. "మీది కాకినాడ తాలూకా కాబట్టి సరిపోయిందండి. మాకలా కాదు. 1904లో మా భీమవరం, నరసాపురం, తణుకు, ఏలూరు అన్నీ కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్ళీ 1925లో పశ్చిమ గోదావరి అన్నారు. మా తాతగారు పుట్టింది గోదావరి జిల్లాలో, పెళ్ళి చేసుకుంది కృష్ణా జిల్లాలో, పోయింది పశ్చిమ గోదావరిలో. ఆయన ఊరు దాటింది లేదండి" అన్నారు. 2022లో జిల్లాలు మళ్ళీ విడిపోయాయి. ఇక నుంచి వెతికేవాళ్ళు కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల పేర్లు కూడా గుర్తుపెట్టుకోవాలి.

ధవళేశ్వరం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర కట్టించిన ఆనకట్ట గురించి ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. గోదావరి స్నానాల్లో ఆయన పేరు తలుచుకుని తర్పణం వదిలేవాళ్ళున్నారు. నా మనసులో ఉన్నది వేరే సంగతి. ఇంత నీళ్ళొచ్చి, ఇన్ని వరిచేలయ్యాక కూడా ఇక్కడి జనం ఓడలెక్కి ఎందుకు పోయారు? కాలవ వచ్చింది భూమికి. భూమి లేనివాడికి కాలవ వల్ల వచ్చింది ఊడ్పులకీ కోతలకీ దొరికే కూలి మాత్రమే. కోతలయ్యాక చెయ్యడానికి పనుండేది కాదు. రంగూన్‌లో సరిగ్గా అప్పుడే బియ్యం మిల్లులు జోరుగా ఆడేవి, రేవులో బస్తాలు మొయ్యడానికి మనుషులు కావాల్సి వచ్చేది. శివారు ఊళ్ళ సంగతి మరీనూ, అక్కడికి నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మా అమ్మమ్మ ఊరు అలాంటి శివారు ఊరే.

రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా బస్సులో వెళ్ళి యానాంలో దిగాను. ఫ్రెంచివాళ్ళు 1828లోనే ఈ రేవు నుంచి రీయూనియన్ దీవికి కూలీల్ని తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి ఆటోలో ఊరికి వెళ్ళాను.

ఆ ఊళ్ళో మాకు మిగిలింది ఒక్కరే. అమ్మమ్మకి చిన్నాన్న కూతురు, నాకు చిన్నమ్మమ్మ. తొంభై దాటాయి. చూపు తగ్గింది గానీ మాట ఖణీమంటుంది. వయసడిగితే, "పుష్కరాలకి నన్ను చంకనేసుకుని రాజమండ్రి తీసుకెళ్ళారంట. అప్పటికి నాకు నడకే రాలేదు" అంది. అవి 1932 పుష్కరాలు అయ్యుండాలి. ఈ ప్రాంతంలో పాత వయసులన్నీ పుష్కరాల లెక్కలోనో తుఫానుల లెక్కలోనో దొరుకుతాయి. పన్నెండేళ్ళకోసారి వస్తాయి కాబట్టి పుష్కరాల లెక్క పెద్దగా తప్పదు.

ఫోన్‌లో రసీదు చూపించి, చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆగకుండా చెప్పింది.

"ఇదే చేను. చెరువు అవతల. మీ ముత్తాత రంగం నుంచి డబ్బులు పంపితే కొన్నారు. కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర ముందుగా పాతిక రూపాయలు తీసుకుని ఓడెక్కాడంట మా పెదనాన్న. ఆ బాకీ తీరేదాకా పైసా రాలేదు. తీరాక ఏడాదికోసారి వచ్చేది. ఓసారి ఇంటికొచ్చి, చేను కొని, మళ్ళీ వెళ్ళాడు. ఆయన పోయిన కబురు వచ్చేటప్పటికి నేను మా అమ్మ కడుపులో ఉన్నానంట."

బర్మా ఆవిడ సంగతి అడిగాను.

"ఏ బర్మా ఆవిడమ్మా? కబురు రావడానికి ముందే డబ్బు ఆగిపోయింది. డబ్బు ఆగితే ఊరు ఊరుకుంటుందా? ఎవడో పుట్టించాడు ఆ మాట. మీ అమ్మమ్మకి అప్పుడు పదేళ్ళు. పిల్లలు ఆడిపోసుకునేవారంట. అందుకే అది ఆ ఊసెత్తనిచ్చేది కాదు."

ఆవిడ మాట మీద నాకు అనుమానం లేదు. కానీ మా ఇంట్లో తొంభై ఏళ్ళుగా పాతుకుపోయిన మాట పోవాలంటే కాగితం కావాలి.

ముందు కరణం గారి ఇంటికి వెళ్ళాను. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలనీ మునసబులనీ తీసేశాక చాలా ఊళ్ళల్లో పాత లెక్కలు వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. ఎర్ర గుడ్డలో కట్టిన దఫ్తరాలు మూడు గదుల నిండా ఉండేవని ఆయన మనవడు చెప్పారు. ఉండేవి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి ఇంట్లో నడుములోతు నీళ్ళు నిలిచాయి. కోనసీమ నుంచి భైరవపాలెం దాకా వెయ్యి మందికి పైగా పోయిన రాత్రి అది, కాగితాల గురించి ఎవరు చూస్తారు? బురదలో ముద్దయిపోయిన కట్టలు తర్వాత దిబ్బ మీద పారబోశారట.

మిగిలింది రిజిస్ట్రేషన్ ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను. అక్కడివాళ్ళు నన్ను చాలాసార్లు తిప్పారు, ఆ సంగతి ఇక్కడ వద్దు. చివరికి పాత ఇండెక్సు పుస్తకాలు తీసిచ్చిన గుమాస్తాకి మాత్రం రుణపడి ఉంటాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి. ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది, అన్నీ చూడాలి. ముత్తాత పేరు మీద ఏమీ లేదు. తాతమ్మ పేరుతో వెతికితే రెండు దస్తావేజులు దొరికాయి.

మొదటిది 1926 నాటి క్రయ దస్తావేజు. నల్లసిరా గోధుమరంగుకి తిరిగింది. పేజీ అంచు ముట్టుకుంటే చాలు, పొడిపొడిగా రాలుతోంది. తాతమ్మ పేరు మీదే కొన్నారు. హద్దులు చదివితే చేను కళ్ళకి కట్టింది. తూర్పున పంట బోదె, దక్షిణాన చెరువు గట్టు, పడమర పొరుగు రైతు చేను, ఉత్తరాన డొంక. డొంక ఇప్పటికీ ఉంది, నేను ఆ ఊళ్ళోకి వెళ్ళిందే దాని మీదుగా.

రెండోది 1931 నాటిది. అదే డెబ్భై సెంట్లు అమ్మేశారు. వరి ధర పడిపోయి, అప్పుల వాళ్ళు ఇళ్ళ మీద పడ్డ ఏడు అది. అమ్ముతున్నది ఎవరో చెప్పే చోట, రంగూన్‌లో గతించిన ఫలానా వారి భార్య అని రాసి, మా ముత్తాత పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశారు. చివర తాతమ్మ నిశానీ. అది నకలు పుస్తకం కాబట్టి వేలిముద్ర ఉండదు, ముద్ర వేసినట్టు గుమాస్తా రాసుకున్న మాట ఉంటుంది. ఇద్దరు సాక్షుల్లో ఒకాయన ముత్తాత తమ్ముడు, అంటే చిన్నమ్మమ్మ వాళ్ళ నాన్న. సొంత అన్న చావు గురించి దస్తావేజులో అబద్ధం రాయిస్తే తమ్ముడు సాక్షి సంతకం పెట్టడు. నాకు ఆ సంతకం చాలు.

మర్నాడు కోరంగి వెళ్ళాను. ఇప్పుడది మడ అడవులు చూడ్డానికి వచ్చేవాళ్ళ ఊరు. చెక్క వంతెన మీద పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి తుడిచిపెట్టేసింది, తర్వాత మేట వేసి పూడిపోయింది. అయినా రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచారు. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ తెలుగువాళ్ళని మారిషస్ చేర్చింది. అలా వెళ్ళినవాళ్ళ మునిమనవలు ఈరోజు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళితే, పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ దాకా రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. కొందరికైతే ఫోటోలు కూడా. దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళినవాళ్ళకీ ఓడల జాబితాలు, నంబర్లు ఉన్నాయి.

రంగం వెళ్ళినవాళ్ళకి అలాంటివేమీ లేవు. 1937 ఏప్రిల్ దాకా బర్మా మన దేశంలోనే ఒక రాష్ట్రం. కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళడం సర్కారు లెక్కలో మద్రాసు వెళ్ళినట్టే. ఒప్పంద పత్రం లేదు, రిజిస్టరు లేదు. లెక్కంతా మేస్త్రీ చేతిలో, అది అప్పు లెక్క. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అంతమంది వెళితే మన దగ్గర వాళ్ళ పేర్ల పట్టిక లేకపోవడం నాకు కష్టంగా ఉంది, కోపంగానూ ఉంది.

కాకినాడలో జగన్నాథపురం వంతెన మీద నిలబడి కాలవ చూశాను. ఈ తీరంలో సముద్రం లోతు తక్కువ. స్టీమర్లు దూరంగా లంగరు వేసేవి. మనుషుల్నీ బస్తాల్నీ ఈ కాలవలోంచే నావల మీద వాటి దగ్గరికి చేర్చేవారు. మా ముత్తాత రెండుసార్లు ఇలాగే వెళ్ళి ఉంటాడు.

1930 మే నెలలో రంగూన్ రేవులో మన కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలోకి దించాయి. సమ్మె తేలి మనవాళ్ళు తిరిగొచ్చేసరికి బర్మా వాళ్ళని పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై ఊరంతా పాకింది. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. ఆయన పోయిన కబురు చిన్నమ్మమ్మ తల్లి కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది, దస్తావేజు 1931 నాటిది. కాలం సరిపోతుంది. అంతమాత్రాన అల్లర్లలోనే పోయాడని నేను రాయను. కలరాలో పోయినవాళ్ళున్నారు, రేవులో బస్తాల కింద నలిగి పోయినవాళ్ళున్నారు. దస్తావేజు ఎంత చెప్పిందో అంతే రాసి, మా అమ్మకీ పిన్నులకీ పంపించాను. అమ్మ ఫోన్ చేసి, ఇన్నేళ్ళుగా ఆయనకి తద్దినం పెట్టలేదే అని ఏడ్చింది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవులో స్నానం చేసి పితరులకి పిండాలు పెట్టడానికి లక్షల మంది వస్తారు. మీరూ వస్తే, ఊళ్ళో మిగిలిన పెద్దవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. ఎవరు రంగం వెళ్ళారు, ఏ మేస్త్రీ తీసుకెళ్ళాడు, ఏ పుష్కరాల నాటికి ఎవరు ఎంత పిల్లలు, ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లేమిటి అని అడిగి రాసుకోండి. ఆ రాతకి ఒక నకలు మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఉన్న వందేళ్ళ నాటి పుస్తకాలకి ప్రభుత్వం వెంటనే ఫోటోలు తీయించాలి. నేను చూసిన పేజీలు ఇంకో పుష్కరం దాకా ఆగవు.