సున్నా చూపించే మనిషి

మా ఎడిటర్‌కు కావలసింది ఆటోమేషన్ కథ. ఆ 132 కేవీ సబ్‌స్టేషన్‌లో ఏఈ గారు తెరలన్నీ ఉత్సాహంగా చూపించారు. నేను మాత్రం యార్డులోనే ఆగిపోయాను. కొత్తగా బిగించిన 50 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, రిలేలు పరీక్షించే ఎమ్మార్టీ విభాగం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మార్షలింగ్ బాక్సులో తల దూర్చి సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) తీగల నంబర్లు వేలితో తడుముతూ చదువుతున్నారు.

ఆ తీగలు వెళ్లేది డిఫరెన్షియల్ రిలేకు. దానికి తెలిసిన లెక్క ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయిన కరెంటుకీ బయటికొచ్చిన కరెంటుకీ పొంతన కుదరాలి. కుదరకపోతే లోపల ఏదో దెబ్బతిన్నట్టే; రెండు వైపులా బ్రేకర్లు తెరుచుకుంటాయి. బయట లైను మీద ఎంత ఫాల్ట్ వచ్చినా అది కదలకూడదు. మెర్జ్, ప్రైస్ అనే ఇద్దరు 1904లో పేటెంటు చేసిన ఆలోచన ఇది. సీటీలు అచ్చు గుద్దినట్టు ఒకేలా పనిచెయ్యవు గనక, లోడు పెరిగేకొద్దీ సహించే తేడా కూడా పెంచారు. అదే బయాస్. ఛార్జ్ చేసిన తొలి క్షణాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఒక వైపు నుంచే కరెంటు గుంజుకుంటుంది. అందులో రెండో హార్మోనిక్ ఎక్కువ కాబట్టి రిలే దాన్ని గుర్తుపట్టి ఊరుకుంటుంది.

ఇన్ని తెలిసిన రిలేకు, సీటీ తీగ తిరగబడిందని మాత్రం తెలియదు. తీసెయ్యాల్సినదాన్ని కలిపేస్తుంది. సవ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను లోడు మీద ఆపేస్తుంది.

అందుకే ఆయన 33 కేవీ వైపు సీటీల అవతల మూడు ఫేజులూ షార్ట్ చేయించి, 132 వైపు ఉత్త 400 వోల్టులు ఇచ్చారు. మిల్లీ ఆంపియర్లు కొలిచే టంగ్ టెస్టర్ పెట్టి చూస్తే ఒక వైపు 18, రెండో వైపు 22. "సీటీలు 300కి ఒకటి, 1000కి ఒకటి. గుణించండి సార్" అన్నారు. 5.4 ఆంపియర్లు, 22 ఆంపియర్లు. వోల్టేజీ నిష్పత్తి నాలుగు. సరిపోయింది. తేడా దాదాపు సున్నా. అంతటితో వదల్లేదు. సప్లై ఆపించి, ఒక వైపు తీగలు కావాలనే తిరగేసి మళ్లీ ఇప్పించారు. రిలేలో తేడా లేచింది. అప్పుడు గానీ సున్నాను నమ్మలేదు. తీగలు యథాస్థానంలో బిగించి, ప్రతి స్క్రూనూ రెండోసారి తిప్పి చూశారు.

మధ్యలో ఫోను. "ఎప్పుడు ఛార్జ్ చేస్తారట?" పెట్టేశాక పక్కనున్న కుర్రాడితో గొణిగారు: "ఛార్జింగ్ టైము అందరూ అడుగుతారు తమ్ముడూ. పొలారిటీ చూశావా అని ఒక్కడూ అడగడు."

నాకు ఒళ్లు మండింది. రిలే కొనడానికి డబ్బుంటుంది, దాన్ని పరీక్షించడానికి ఒక పూట ఉండదు! పాత ఫైలు తిరగేశాను. వరుసగా అన్ని గళ్లలోనూ 'ఓకే' అనే ఉంది. మిల్లీ ఆంపియర్లు ఎక్కడా రాయలేదు. కుర్రాడు కొత్త ఫారం తెచ్చి అలవాటుగా 'ఓకే' రాయబోతే పెద్దాయన పెన్ను లాక్కుని 18, 22 అని వేశారు.