మా బాపమ్మ నరకానికి పోయిందా?

 

ఈసారి గోడపత్రికలో నేను దేవుని దయ గురించి రాస్తున్నాను. మాది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో ఒక కోయగూడెం. మా గూడానికి ప్రార్థన చెప్పడానికి వచ్చే ఒకాయన, బాప్తిస్మం తీసుకోనోళ్ళంతా నరకంలో కాలుతారని చెప్పిండు. మా బాపమ్మ యేసు పేరు వినకుండానే చనిపోయింది. ఆమె పెద్దల్లో కలిసిందని మా ఇంట్లో అంటారు. మరి ఎవరి మాట నిజం?

అందుకే నేను బైబిల్లో లూకా సువార్త చదివిన. 15వ అధ్యాయంలో వంద గొర్రెల్లో ఒకటి తప్పిపోతే, కాపరి దొరికేదాకా వెతుకుతాడు. మేకలు కాసినోళ్ళకు ఇది తెలుసు. తోవ తప్పిన దాన్ని భుజం మీద వేసుకొని తెస్తారు గానీ కాల్చరు.

దాని పక్కనే 16వ అధ్యాయంలో నరకం ఉంది. ధనవంతుడు మంటల్లో పడ్డడు. బాప్తిస్మం లేదని పడ్డట్టు అక్కడ రాయలేదు. ఆయన రోజూ మంచిగ తిన్నడు. వాకిట్లో పుండ్లతో పడి ఉన్న లాజరు ఆకలితోనే ఉన్నడు. మా బాపమ్మకు చదువు రాదు. కానీ వాకిట్లోకి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళు, తర్వాత అంబలి ఇచ్చేది. లాజరు మా ఇంటికి వస్తే ఆకలితో పోయేటోడు కాదు.

ఒక్కటి మాత్రం నాకు కష్టమనిపించింది. ధనవంతుడు ఒక చుక్క నీళ్ళు అడుగుతాడు. మధ్యలో అగాధం ఉందని ఇయ్యరు. అయినా ఆయన, తన ఐదుగురు అన్నదమ్ములు అక్కడికి రావొద్దని బతిమాలుతాడు. నరకంలో ఉన్న మనిషికే అంత ప్రేమ ఉంటే దేవునికి ఎంత ఉండాలె?

మా జిల్లాలోనే డోర్నకల్ ఉంది. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సభలో మొదటి భారతీయ బిషప్. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి పెద్ద చర్చికి గుడి లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు ఉన్నాయి. అవి దేవుని ఇంటికి పనికొచ్చినప్పుడు మా బాపమ్మ పనికి రాదా? 1964లో రోములో కాథలిక్ పెద్దలు కూడా, తమ తప్పు లేకుండా సువార్త తెలియనోళ్ళు మనస్సాక్షి ప్రకారం బతికితే రక్షణ పొందవచ్చని రాసిర్రు.

మన హాస్టల్లో చర్చికి పోయేటోళ్ళు, సమ్మక్కకు మొక్కేటోళ్ళు ఒకే బంతిలో తింటున్నాం. కోపం వచ్చినా ఎవరినీ నరకానికి పోతవని అనకండి. వాళ్ళకు కూడా ఒక బాపమ్మ ఉంటది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని