ఉన్ని తొట్టి దగ్గర

సికింద్రాబాద్‌లోని ఆ లాండ్రీలో ముందు భాగమంతా హోటళ్ళ దుప్పట్లే. మెషీన్ల హోరులో పక్కవాడి మాట వినపడదు. ఉన్ని బట్టల చోటు అది కాదు. వెనక వసారాలో రేకుల కప్పు కింద వాటికి వేరే సిమెంటు తొట్లున్నాయి. చలికాలమంతా వాటికి తీరిక ఉండదట. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళ మంకీ టోపీలు, అమెరికా నుంచి పిల్లలు పంపిన మెరీనో స్వెట్టర్లు, ఎవరి పెళ్ళిలోనో కప్పిన శాలువాలు అన్నీ అక్కడికే చేరతాయి.

నేను వెళ్ళేసరికి తొట్లు చూసుకునే పెద్దాయన ఒక స్వెట్టర్ లోపలి కుట్టులోంచి పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తున్నాడు. పోగు కరిగి, చివర నల్లటి గట్టి పూస మిగిలింది.

"గిది ఉన్ని కాదు సార్, అక్రిలిక్. ఇంట్లనే ఉతుక్కోమని చెప్పి పంపిస్త."

ఇంకో స్వెట్టర్ పోగు మంటలో ముడుచుకుపోయి వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయింది. అది ఉన్ని. ఫుట్‌పాత్ మీద ఉన్ని పేరుతో అమ్మే చవక స్వెట్టర్లలో చాలావాటిది మొదటి పోగు కథే. ఏ సబ్బు వాడాలి అని తల పట్టుకునే ముందు ఈ పరీక్ష చేసుకుంటే సగం బెంగ అక్కడే తీరుతుంది.

వెంట్రుకల కంపు రావడంలో వింత లేదు. మన జుట్టుదీ, గొర్రె ఉన్నిదీ ఒకటే సరుకు, కెరటిన్ అనే ప్రోటీన్. ఉన్ని పోగు మీద పెంకుటింటి కప్పులా పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. నీళ్ళు తగిలితే అవి విచ్చుకుంటాయి. ఆ స్థితిలో రుద్దినా, మెషీన్లో గిరగిరా తిప్పినా పోగులు ఒకదాన్లో ఒకటి చిక్కుకుని మళ్ళీ వెనక్కి రావు. బట్ట కుదించుకుపోయి అట్ట కడుతుంది. కాశ్మీరులో నమ్దా తివాచీలు చేసేది సరిగ్గా ఇలాగే: ఉన్ని పరిచి, సబ్బు నీళ్ళు చల్లి, చుట్టి, తొక్కి. వాళ్ళు కావాలని చేసేదాన్నే మనం ఖరీదైన స్వెట్టర్ మీద తెలియక చేస్తాం.

ఇక సబ్బు సంగతి. అక్వేరియం దుకాణంలో కొన్న పీహెచ్ కాగితాలు నా జేబులో ఉన్నాయి. మామూలు బట్టల పౌడర్ కలిపిన మగ్గులో ముంచితే కాగితం నీలం తిరిగింది. అంటే క్షారం గట్టిగానే ఉంది. నూలు బట్ట దానికి తట్టుకుంటుంది గానీ ఉన్నికి క్షారం పడదు, పోగు బలహీనపడి గరుకెక్కుతుంది. కుంకుడు రసంలో ముంచితే కాగితం పసుపు పచ్చగా, ఆమ్లం వైపు నిలిచింది. పెద్దాయన పశ్మీనా శాలువాలకు అదే వాడతాడు. తెల్ల ఉన్నికి మాత్రం వాడడు, రంగు పట్టేస్తుందని భయం. మిగతావాటికి గోద్రెజ్ ఈజీ లాంటి, ఉన్ని కోసమే అమ్మే ద్రవం. అదీ లేకపోతే తలంటుకునే షాంపూ కాస్త. జుట్టుకు పనికొచ్చింది ఉన్నికీ పనికొస్తుంది.

పౌడర్ ప్యాకెట్ మీద 'ఎంజైములు' అని గొప్పగా రాస్తారు చూడండి, ఉన్ని విషయంలో ఆ మాటే ప్రమాద సూచన. గుడ్డు, పాలు, రక్తం మరకల్ని కొరికే ప్రోటియేజ్ అనే ఎంజైముకు మరకలోని ప్రోటీనూ, స్వెట్టర్‌లోని ప్రోటీనూ వేరని తెలియదు. క్లోరిన్ బ్లీచ్ అయితే ఇంకా ఘోరం, ఉన్నిని కరిగించేస్తుంది. సబ్బు బిళ్ళకు ఇంకో తంటా ఉంది. మన బోరు నీళ్ళ ఉప్పుతో కలిసి తెట్టు కట్టి పోగుల్లో ఇరుక్కుంటుంది, ఎంత జాడించినా వదలదు.

ఆయన ఉతుకుతుంటే పక్కన నిలబడి చూశాను. ముందు స్వెట్టర్‌ని పాత క్యాలెండర్ కాగితం మీద పరిచి పెన్సిల్‌తో చుట్టూ గీశాడు. గోరువెచ్చగా కూడా అనిపించని నీళ్ళు, దాదాపు 30 డిగ్రీలు. ద్రవం ఒక మూతెడు. స్వెట్టర్ తిరగేసి ముంచి, అరచేతులతో నొక్కడం, వదలడం, అంతే. రుద్దింది లేదు, పిండింది లేదు. జాడించే నీళ్ళూ అదే వేడిలో ఉండాలంటాడు. తడిసిన ఉన్నికి బలం తక్కువ కాబట్టి కింద రెండు చేతులూ పెట్టి పసిబిడ్డను ఎత్తినంత జాగ్రత్తగా తీశాడు. తువ్వాల్లో చుట్టి మోకాలితో అదిమితే నీళ్ళన్నీ అది పీల్చుకుంది. తర్వాత నీడలో, దోమతెర పరిచిన నులక మంచం మీద, క్యాలెండర్ గీతలకు సరిపడా సర్ది ఆరబెట్టాడు. తీగ మీద వేస్తే చేతులు మోకాళ్ళ దాకా సాగుతాయి.

"అందరూ డ్రై వాష్ చెయ్యమంటరు సార్. గా మందు వాసన ముక్కుకు పట్టదా?" అన్నాడు. ఆ మందు చాలాచోట్ల పెర్‌క్లోరోఇథిలీన్. లైనింగు కుట్టిన కోట్లకు డ్రై వాష్ తప్పదు. లేబుల్ మీద తొట్టి బొమ్మకు అడ్డంగా ఇంటూ గుర్తుంటే నీళ్ళ జోలికి పోకూడదు కూడా. తొట్టిలో చెయ్యి బొమ్మ ఉన్న మామూలు స్వెట్టర్‌కు మాత్రం అంత ఖర్చు దండగని నా అభిప్రాయం. పొలుసుల్ని నునుపు చేసి రెసిన్ పూత పూసిన ఉన్నిని మెషీన్లోనే వేయొచ్చు. అలాంటిదైతే లేబుల్ మీదే రాసి ఉంటుంది.

మూలన ఒక నల్ల గొంగడి కనిపించింది. ఎవరో డ్రాయింగ్ రూము గోడకు తగిలించుకున్నదట. దాన్ని తడపనన్నాడు. చింతగింజల గంజి పట్టించి నేసిన నేత, గంజి పోతే బిగువూ పోతుందని ఆయన లెక్క. ఎండలో వేసి, కర్రతో దుమ్ము దులిపి ఇచ్చేస్తాడు.

ఆయన అసలు గొడవ జనం వచ్చే వేళ మీద. చలి మొదలయ్యాక కలరా ఉండల వాసనతో, చిల్లులతో తెస్తారు. చెమట, కూర మరకలు అంటిన ఉన్ని అంటే చిమ్మట పురుగుకు మహా ఇష్టం. ఉతికి దాచాల్సింది చలి పోయేటప్పుడు. ఆ నెలల్లో తొట్లు ఖాళీగానే ఉంటాయి. వీధి మలుపులో రఫూ చేసే ఆయనకు మాత్రం దీని మీద ఫిర్యాదేమీ లేదు. ఒక్కో చిల్లుకు ఆయన తీసుకునేది ఇక్కడ స్వెట్టర్ మొత్తం ఉతికే కూలి కన్నా ఎక్కువే.