ఆనవాళ్ళు

మా మైలవరంలో దారి అడిగితే "పెద్దరసం చెట్టు దగ్గర ఎడమకు తిరగండి" అంటారు. ఆ చెట్టు కొట్టేసి ఏళ్ళయినా సరే! చెప్పేవారి కళ్ళలో చెట్టుంటుంది, వినేవారికి ఉండదు.

నా వృత్తి దంతవైద్యం. అక్కడా ఆనవాళ్ళతోనే పని. కింది దవడ లోపలివైపు ఒక రంధ్రం గుండా నాడి ఎముకలోకి ప్రవేశిస్తుంది. మత్తుసూది చేరవలసింది ఆ సమీపానికే. అది కంటికి కనబడదు. పళ్ళ మట్టాన్ని, దవడ అంచును బట్టి అంచనా కట్టాలి. 1884-85 ప్రాంతంలో న్యూయార్కులో హాల్‌స్టెడ్ కొకెయిన్‌తో ఈ నాడిని మొద్దుబరిచాడు. నేటికీ గురి చాలావరకు అంచనా మీదే. పిల్లలలో ఆ రంధ్రం కిందుగా ఉంటుంది, వయసుతో పైకి జరుగుతుంది.

అదే నాడి కొమ్మ ఒకటి పెదవి వైపు వెలువడే రంధ్రం, సాధారణంగా కోరపన్ను వెనుకనున్న రెండవ పన్ను కింద ఉంటుందని పుస్తకాల మాట. మరి పళ్ళన్నీ రాలిన వృద్ధులలో? పన్నూ లేదు, దాన్ని మోసిన ఎముకా అరిగిపోతుంది. లోతున ఉండవలసిన నాడి చిగురు కిందికే వచ్చేస్తుంది. "కట్టుడు పళ్ళు నొక్కితే పెదవి జిల్లుమంటోంది డాక్టరుగారూ" అంటారు తోటల నుంచి వచ్చే తాతలు. అక్కడ పాత లెక్కన గాటు పెడితే పెదవికి స్పర్శ శాశ్వతంగా పోవచ్చు. అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు.

అందుకే గాటుకు ముందు ఎక్స్‌రే తీయిస్తాను. "పన్నే లేనిచోట ఫొటో దేనికండీ?" అని అడుగుతారు.

పన్ను లేదు కనుకనే!