చించినాడ వంతెన దగ్గర తేలిన ధర

కోనసీమలో కొండ లేదు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య, సముద్రం దాకా అరచేతిలా పరుచుకున్న నేల. వరికీ కొబ్బరికీ అది వరమే గానీ, పాత కారు కొనేవాళ్లకు మాత్రం ఒక చిక్కు. క్లచ్‌లో ఇంకెంత జీవం మిగిలిందో, హ్యాండ్ బ్రేకు బండిని ఆపుతుందో లేదో ఎత్తు మీదే బయటపడుతుంది. అమలాపురం గడియార స్తంభం చుట్టూ ఎంత తిప్పినా ఆ సంగతి తెలియదు.

అందుకే ఈ వ్యాసకర్త ఇంట్లో సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకున్నప్పుడు, ఏ కంపెనీ బండి అన్నదానికంటే ముందు ట్రయల్ ఎక్కడ వెయ్యాలన్నది ఖాయమైంది. రాజోలు దాటాక దిండి దగ్గర 216వ నంబరు జాతీయ రహదారి వశిష్ఠ మీదకు ఎక్కుతుంది. చించినాడ వంతెనకు వెళ్లే ఆ ఎత్తే ఇక్కడి వాళ్లకు దొరికే కొండ. వేగంలో స్టీరింగు వణుకుతోందో లేదో చూడాలంటే రావులపాలెం వెళ్లి నాలుగు వరసల 16వ నంబరు రహదారి ఎక్కాలి. బుష్‌లూ షాక్ అబ్జార్బర్లూ ఎలా ఉన్నాయో చెప్పడానికి కాలవగట్టు రోడ్డు చాలు, అది ఏ ఊళ్లోనైనా ఉంటుంది.

రెండో నిర్ణయం డబ్బుది. ట్రయల్ పూర్తయ్యేదాకా బయానా ఇవ్వకూడదు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారండి, ఓ పదివేలు ఇచ్చి పట్టుకోండి" అనే మాట ప్రతి బ్రోకరు దగ్గరా వినిపిస్తుంది. ఆ పదివేలు చేతులు మారాయంటే బేరం అక్కడితో ఆగిపోతుంది. తర్వాత లోపం కనబడినా, ఇచ్చిన సొమ్ము పోతుందేమోనన్న భయంతో కొనేవాళ్లే సర్దుకుంటారు.

తాళం తిప్పే ముందు కాగితాలు చూడాలి. బండికి ఇన్సూరెన్స్ నడుస్తోందా, ట్రయల్ వేసే మనిషికి లైసెన్సు ఉందా అన్నవి మొదటి ప్రశ్నలు. థర్డ్ పార్టీ బీమా లేని బండిని రోడ్డెక్కిస్తే మొదటిసారికే 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎవరికైనా తగిలితే నష్టపరిహారం సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, ఫారం 35 లేకుండా ముందుకు కదలకూడదు.

బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే, పొద్దుటి తొలి స్టార్టింగులో ఏదో దాస్తున్నారేమో అనుకోవలసిందే. తొలి పొగలోనే సగం కథ ఉంటుంది. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్లగా వచ్చి వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతోంది. రెండూ పెద్ద ఖర్చులే.

ఈ ప్రాంతంలో ముక్కుతో కూడా ట్రయల్ వెయ్యాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి కోనసీమ లంకల్ని ముంచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మునిగిన బండిని కడిగి పాలిష్ పెడితే కొత్తదానిలా మెరుస్తుంది, కానీ వైర్ల కనెక్టర్లలో పట్టిన తుప్పు నెలల తర్వాత ఏబీఎస్‌నో ఎయిర్‌బ్యాగునో పాడు చేస్తుంది. ఇంట్లో అందరికీ నచ్చిన ఒక కారుని వదులుకోవడానికి కారణం ఇదే. ధర తక్కువ, సీట్లకు కొత్త కవర్లు. ఏసీ వెయ్యగానే బురద వాసన. సీటు బెల్టుని చివరిదాకా లాగితే మట్టి చార, స్టెప్నీ కింద తుప్పు పట్టిన బోల్టులు. ధర ఇంకా తగ్గిస్తామన్నారు. తగ్గింపు ఎంతైనా ఆ బండి వద్దన్నది ఇంటి తీర్మానం. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరంలో తిరిగిన బళ్లకు ఉప్పుగాలి దెబ్బ అడుగుభాగంలో ఉంటుంది కాబట్టి వాటిని ర్యాంపు ఎక్కించి చూడటం మేలు.

చివరకు కొన్న పెట్రోలు కారుకి యజమాని చెప్పిన ధర 4,10,000. వెయ్యి రూపాయలు మాట్లాడుకుని అమలాపురం మెకానిక్‌ని వెంట తీసుకెళ్లారు. చించినాడ ఎత్తు మీద పై గేరులో ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుపు పెరిగింది గానీ వేగం పెరగలేదు. "ఆయ్, క్లచ్ ప్లేటు అయిపోయిందండి" అన్నాడు వెనక సీట్లోంచి. టైరు పక్కన 1418 అని ఉంది. అంటే 2018లో 14వ వారం తయారీ. గాట్లు మిగిలే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయింది. మెకానిక్ లెక్కలో కూలితో కలిపి క్లచ్‌కి 11,000, నాలుగు టైర్లకు 18,000, ముందు బుష్‌లకు 5,000. మొత్తం 34,000.

ఊరికే తగ్గించమంటే రెండు మూడు వేల దగ్గర ఆగేవారేమో. లెక్క రాసిన కాగితం చేతికిచ్చాక యజమాని దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. బేరం 3,80,000 దగ్గర కుదిరింది.

డీలరు దగ్గర కొనేవాళ్లకు ఇంకో రక్షణ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. బండి ట్రయల్‌కు వెళ్లినా ఆ ప్రయాణం వివరాల్ని ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన టీఎస్, టీజీ నంబరు బండి చౌకగా కనిపిస్తే దానికి ఎన్ఓసీ, ఆంధ్రప్రదేశ్‌లో కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపాకే ధర పోల్చాలి.

పేరు మార్పు ఇద్దరికీ ముఖ్యం. అమ్మినా రికార్డుల్లో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే డబ్బు ఇచ్చిన రోజే ఫారం 29, 30 మీద సంతకాలు జరిగాయి. ఇన్సూరెన్స్‌ని కూడా 14 రోజుల్లోగా కొన్నవాళ్ల పేరిట మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు. ఆ తేడా ప్రీమియంని ఇంట్లో ముందే లెక్కవేసి పక్కన పెట్టారు, క్లచ్‌కీ టైర్లకీ అనుకున్న సొమ్ముతో పాటు.